అడవిలో తీసిన గీత

మహారాష్ట్రలోని బామ్ని చుట్టుపక్కల టేకు అడవుల్లో ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు తీస్తారు. ఎండుటాకు, గడ్డి, పుల్లా ఊడ్చి, కొన్ని గజాల వెడల్పున మట్టి తేలేదాకా నేలను బోసిగా చేస్తారు. తునికాకు రోజుల్లో ఎక్కడో నిప్పు లేస్తే, మంట ఆ గీతదాకా వచ్చి, కాలడానికేమీ దొరక్క అణగిపోతుంది. కంప్యూటర్ ఫైర్‌వాల్ వెనక ఉన్న ఆలోచనా ఇదే. భవనాల్లో ఒక గది మంట పక్క గదికి పాకకుండా కట్టే గోడ పేరే దానికి పెట్టారు.

1988 నవంబరు 2 దాకా ఇంటర్నెట్ అంటే యూనివర్సిటీలు, పరిశోధనశాలలు కలిసి బతికే చిన్న ఊరు. తలుపులకు గడియలు తక్కువ. ఆ సాయంత్రం కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రామ్), అప్పటి 60,000 యంత్రాల్లో సుమారు 6,000 యంత్రాలను పట్టేసిందని అంచనా. ఫైర్‌వాల్ తొలి రూపమైన ప్యాకెట్ ఫిల్టర్లు వచ్చింది ఆ కాలంలోనే. సమాచారం చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టుకు (కంప్యూటర్‌లోని ఏ తలుపుకు) అన్నది ప్రతి పొట్లం మీదా ఉంటుంది. అటవీ నాకా దగ్గర కలప లారీ ఆపి పర్మిట్ చూసినట్టు, ఫిల్టర్ ఆ చిరునామా చూసి వదులుతుంది, లేదా ఆపుతుంది. కానీ కాగితం సరిగ్గా ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు కదా! 1994లో చెక్ పాయింట్ సంస్థ తెచ్చిన ఫైర్‌వాల్, లోపలివాళ్లు ఎవరిని ఏమడిగారో గుర్తుపెట్టుకుని, అడగకుండా వచ్చిన జవాబును ఆపేది.

మన దగ్గరికి ఆ మంట 2017 మేలో వచ్చింది. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా కొన్ని జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకు వానాక్రై అనే వర్మ్ సోకింది. అది పాకింది 445వ పోర్టు గుండా. ఆఫీసులో ఫైళ్లు పంచుకునే దారి అది, బయటి ప్రపంచానికి తెరిచి ఉంచాల్సిన పనే లేదు. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది, చాలాచోట్ల వేసుకోలేదు. పొలిమేరలో ఒక్క గోడ కట్టి ఊరుకుంటే, ఒక్క ల్యాప్‌టాప్‌తో లోపలికొచ్చిన నిప్పు అంతా తిరుగుతుంది. అడవిని కంపార్ట్‌మెంట్లుగా విడదీసినట్టు నెట్‌వర్క్‌నూ లోపల విడదీయాలి. గీతను ఏటేటా ఊడవాలి కూడా.

సాత్‌బారా (భూమి రికార్డు నకలు) తీసిచ్చే సేతు కేంద్రంలోనైనా, బడి ల్యాబ్‌లోనైనా విండోస్ కంప్యూటర్ ఉంటే, 2004 నుంచీ దాంట్లో ఫైర్‌వాల్ ముందే ఆన్ చేసి వస్తోంది. ప్రింటర్ పలకడం లేదని దాన్ని మొత్తంగా ఆపేయించకండి. ఆ ప్రింటర్ ఒక్కదానికే దారి ఇమ్మని మెకానిక్‌కు చెప్పండి.