మా కాలనీ కింద అంగూర్ తోట

నిరుడు వానాకాలం వెళ్ళాక మా వంటింటి గోడ మీద ఒక పగులు కనిపించింది. పొయ్యి గట్టు వెనక మొదలై కిటికీ మూల దాకా ఏటవాలుగా ఉంది. మొదట్లో వెంట్రుకంతే. దీపావళికి దాంట్లో రూపాయి బిళ్ళ అంచు దూరింది. మావారేమో పుట్టీ పెట్టి రంగు వేయిస్తే పోతుందన్నారు. రెండుసార్లు వేయించారు, రెండుసార్లూ అదే దారిలో మళ్ళీ విచ్చింది.

అసలు మేం పైన ఒక అంతస్తు వేసుకుందామనుకున్నాం. అత్తయ్యగారికి మెట్లెక్కే ఓపిక లేదు కాబట్టి ఆవిడకు కింద గది ఇచ్చేసి, మేం పైకి వెళ్దామని. దానికోసం వచ్చిన ఇంజనీరు గారు ప్లాను చూడ్డం మానేసి ఆ పగులు ముందు నిలబడిపోయారు. "ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేదమ్మా?" అని అడిగారు. నేను మావారి వంక చూశాను, మావారు నా వంక చూశారు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారి పొలంలో ప్రతి చెక్కకూ పేరుండేది. రావిచెట్టు చేను, పుట్టచేను, కాలవ కింది చేను. ఏ చేనుకు ఏ గట్టు మీంచి నీళ్ళొస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ ఇల్లు కొనుక్కుని పద్దెనిమిదేళ్ళయింది. హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ వెళ్ళే దారిలో. పిల్లలు ఇక్కడే పెరిగారు. కింద ఏముందో ఒక్కసారీ అడగలేదు.

పెరట్లో మాత్రం ఒక ఆనవాలు మొదట్నుంచీ ఉంది, నేనే పోల్చుకోలేదు. ప్రహరీకి ఆనుకుని మనిషెత్తును మించిన రాతి కడీ ఒకటి పాతి ఉంది. దాని నెత్తిన తుప్పు పట్టిన ఇనపతీగ రెండు చుట్లు తిరిగి ఉంటుంది. ఇల్లు అమ్మినవాళ్ళు బట్టలారేసుకోవడానికి పాతుకున్నారేమో అనుకుని, ఇన్నేళ్ళూ దానికే దండెం కట్టాను.

కాగితాలతో మొదలుపెట్టాను. మన రిజిస్ట్రేషను దస్తావేజులో హద్దులు రాస్తారు కదా, తూర్పున ముప్పై అడుగుల రోడ్డు, పడమర ఫలానా ప్లాటు అని. అందులో సర్వే నంబరు కూడా ఉంటుంది. మనం ఇంటి నంబరు చదువుతాం, గజాలు చదువుతాం, సర్వే నంబరు దాటేస్తాం. దాన్ని పట్టుకుని మీసేవలో దరఖాస్తు పెడితే, మూడు వారాలు తిరిగాక పాత పహాణీల నకళ్ళు చేతికొచ్చాయి.

పహాణీ అంటే ఏటేటా ఆ భూమిలో ఏముందో, ఎవరు దున్నుతున్నారో గ్రామ లెక్కల్లో రాసే పుస్తకం. తెలంగాణలో అందరూ వెనక్కి వెళ్ళి పట్టుకునేది 1954-55 నాటి ఖాస్రా పహాణీని. జాగీర్లు 1949లో రద్దయ్యాక ఎవరి భూమి ఎవరిదో తేల్చుకోవడానికి అదే పెద్ద ఆధారం. ఇప్పటికీ భూమి తగాదా వస్తే లాయర్లు ముందు అడిగేది దాన్నే. ఈ కాగితాల్లో మాటలన్నీ నిజాం కాలం ఉర్దూవి. మెట్టను ఖుష్కీ అంటారు, మాగాణిని తరీ అంటారు, తోటను బాగాత్ అంటారు. తెలుగు బి.ఏ. చదివిన నాకు ఈ మాటలు కొత్త. నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే, మా అబ్బాయి "అమ్మకు మళ్ళీ పరీక్షలొచ్చాయి" అని నవ్వాడు.

మా సర్వే నంబరు ఎదురుగా 1954-55లో ఖుష్కీ అనీ, పంట జొన్న అనీ ఉంది. 1963-64కు వచ్చేసరికి మాట మారింది. బాగాత్. పంట: ద్రాక్ష. నీటి వనరు: బావి. విస్తీర్ణం 8 ఎకరాల 12 గుంటలు.

ద్రాక్ష అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. లేచి పెరట్లోకి వెళ్ళి ఆ కడీని చూశాను. ద్రాక్ష పందిరికి పాతిన రాయి అది. దాని మీద మా తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

మన తరంలో హైదరాబాదు ద్రాక్ష గుర్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో! ఇప్పుడు బండి మీద కనిపించేవి ఎక్కువగా మహారాష్ట్ర నుంచి వచ్చే గింజల్లేని సన్న పళ్ళు. ఇక్కడిది అనబ్-ఎ-షాహీ. రాచద్రాక్ష అని అర్థం. పెద్ద పండు, లేత ఆకుపచ్చ, పల్చటి తోలు, లోపల గింజ. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట, అటు శంషాబాద్ వైపు ఎర్రనేలల్లో ఈ తోటలుండేవి. రాతి కడీలు నాటి, వాటి మీద జల్లెడలా తీగలు లాగి, మనిషి తలకు పైన పందిరి వేసి పాకించేవారు. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలం ఆకు రాల్చి నిద్రపోతుందట. మన దగ్గర దానికి నిద్ర లేదు. అందుకని రైతే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. వేసవిలో కత్తిరిస్తే కొత్త కొమ్మ వస్తుంది, అక్టోబరులో కత్తిరిస్తే పూత వస్తుంది. కోత ఫిబ్రవరి నుంచి. ఈ రకం దిగుబడి హెక్టారుకు సగటున 35 టన్నులంటారు, అంటే ఎకరానికి 14. ఆ లెక్కన మా కాలనీ జాగాలో ఏటా వంద టన్నులకు పైగా పళ్ళు కాసేవన్నమాట! నేనిక్కడ కుండీలో ఒక కరివేపాకు మొక్కను బతికించుకోలేక చస్తున్నాను.

మరి ఆ తోటలు ఎందుకు పోయాయంటే ఒక్క కారణం చెప్పలేం. గింజల్లేని ద్రాక్ష వచ్చాక గింజ పండును అడిగేవాళ్ళు తగ్గారు. తోలు పల్చన కాబట్టి దూరం పంపితే నిలవదు. రాతినేలలో బావులు అడుగంటి, బోర్లు లోతుకు పోయాయి. అన్నిటికన్నా, ఊరు పెరుగుతూ వచ్చింది. హుడా ఏర్పడింది 1975లో. ఆ తర్వాత రోడ్డు పక్క ఎకరం ధర పళ్ళతో వచ్చే డబ్బుతో పోల్చే స్థితిలో లేకుండా పోయింది.

మా పహాణీలో అది ఒక్క మాటగా కనిపిస్తుంది. 1989-90లో పంట గడిలో 'పడావు' అని ఉంది. మరుసటేడూ పడావే. బీడు పెట్టేశారని. ఆ పైన 1992లో గ్రామపంచాయతీ లేఅవుటు. ఎకరానికి 4,840 గజాలు, గుంటకు 121. తోట మొత్తం 40,172 గజాలు. రోడ్లకూ చిన్న పార్కుకూ పోగా 130 ప్లాట్లు తేలాయి. అందులో ఒక రెండొందల గజాలు మావి.

ఇంతా చేసి ఇంజనీరు గారికి కావలసింది మాత్రం దొరకలేదు. నీటి వనరు బావి అని రాశారు కానీ, ఎనిమిదెకరాల్లో అది ఎక్కడుందో ఏ కాగితమూ చెప్పదు. మా అబ్బాయి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తీస్తే, అప్పటికే ప్లాట్ల గీతలూ ముళ్ళకంపలూ.

చెప్పింది మా ఆకుకూరల అవ్వ.

ఆరేళ్ళుగా పొద్దున్నే మా గేటు ముందు గంప దించుతుంది. తోటకూర, గోంగూర, మెంతికూర. నేను బేరం ఆడతాను, ఆమె తిడుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం. ఆ రోజు ఊరికే అడిగాను, "అవ్వా, ఈ కాలనీ రాకముందు ఇక్కడ ఏముండేదో నీకేమన్నా తెలుసా?" అని.

"తెల్వకపోవుడేంది బిడ్డా? గీడ అంగూర్ తోట ఉండె. నేను గా తోటల్నే ముసల్దాన్నైతి."

ఆ వేళ వంట పదకొండింటికి గానీ మొదలవలేదు. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచే ఆమె అందులో పని చేసింది. కాయ బఠాణీ గింజంత అయినప్పుడు గుత్తిలో కొన్ని కాయలు తీసేయాలి, లేకపోతే ఒత్తుకుని ఎదగవు. ఆ పని ఆడవాళ్ళదే. "మొగోళ్ల చెయ్యి మోటు, గుత్తి ఖరాబైతది" అంది. పొద్దుగూకే దాకా తల పైకెత్తి, చేతులు పైకెత్తి, చిన్న కత్తెరతో. "రాత్రి పండుకుంటె సుత మెడ కిందికి దిగకపోవు." ఆడవాళ్ళకు మూడు రూపాయలు, మగవాళ్ళకు ఐదు. గుత్తి ఖరాబు చేసే చేతికి ఐదేమిటి అవ్వా అంటే, "గది నువ్వు పటేలును అడుగు" అని నవ్వింది. తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొడితే ఆ మందు పైనుంచి కారి చీరలన్నీ నీలమయ్యేవట. కోతల్లో వెదురు గంపల నిండా పళ్ళు సర్ది మొజంజాహీ మార్కెట్టుకు పంపేవాళ్ళు. తోటకు ఏటా పెంట తోలేవాళ్ళమని కూడా చెప్పింది. పెంట అంటే పశువుల ఎరువు. మా వైపు ఆ మాటకు అర్థం వేరు కాబట్టి నేనొక్క క్షణం తెల్లమొహం వేశాను.

బావి ఎక్కడ అని అడిగాను. గంప అక్కడే వదిలేసి లేచింది. పార్కు మూల ఒక ముసలి వేపచెట్టు ఉంది. తోట నాటిదల్లా అదొక్కటే మిగిలిందట. దాని దగ్గర నిలబడి, "గీడికెళ్లి పదకొండు కనీలు దాటితె బాయి" అంది. కనీ అంటే రాతి కడీయే. పన్నెండడుగులకొకటి ఉండేదట. నాలుగడుగులు వేసి ఒకటి, నాలుగడుగులు వేసి రెండు, అలా లెక్కపెడుతూ, ప్రహరీలు అడ్డొస్తే పక్కకు జరిగి మళ్ళీ అదే వరసలోకి వస్తూ నడిచింది. నేను వెనకాలే. పది దగ్గర మా గేటు. పదకొండు మా వంటింటి గోడ.

మా అత్తయ్యగారు వరండాలోంచి అంతా చూస్తున్నారు. ఈశాన్యం చూసి, వీధిపోటు చూసి, ఏరి కోరి కొన్న ఇల్లు. "ఆగ్నేయంలో నుయ్యా!" అని ఆవిడ కూర్చుండిపోయారు.

"గా బాయి ఒడ్డుకే మా గుడిసె ఉండె" అంది అవ్వ, మా గ్యాసు బండ పెట్టుకునే గూటి వైపు చూపించి. ఆమె భర్త బావి దగ్గర జీతం ఉండేవాడట. మొదట మోట తోలాడు, కరెంటు వచ్చాక మోటారు కాడ. రాత్రిళ్ళు గబ్బిలాలకు డబ్బా కొట్టేది కూడా ఆయనే. "నా పెద్దకొడుకు గీడ్నే పుట్టిండు" అంది. తోట ప్లాట్లయినప్పుడు వాళ్ళకు ఒక మూల అరవై గజాల జాగా ఇస్తామన్నారట. ఏడాది తిరిగారు, రెండేళ్ళు తిరిగారు. "కాయితం లేదు గద బిడ్డా" అని ఊరుకుంది.

నేను లోపలికి వెళ్ళి పహాణీ నకళ్ళు తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలీదు. "నా పెనిమిటి పేరుందా?" అని అడిగింది. పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉంటాయి. భూమి ఎవరి పేర ఉంది, వాస్తవంలో ఎవరి చేతుల్లో ఉంది అని. ముప్పై ఏళ్ళ కాగితాల్లోనూ రెండు గడుల్లో ఒకటే పేరు. కౌలుకు చేసి ఉంటే 1950 నాటి కౌలుదారీ చట్టం కింద ఏదో ఒక హక్కు అడిగే వీలుండేదేమో. జీతగాడు కౌలుదారు కాడు. ఆయన పేరుకు ఆ కాగితంలో గడే లేదు. కూలికి వచ్చిన ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

లేదని చెప్పాను. తల ఊపి, మెంతికూర రెండు కట్టలు నా చేతిలో పెట్టి, "ఇరువై" అంది. ఆ రోజు బేరం ఆడలేదు.

తర్వాతి వారం ఇంజనీరు గారు ఇంటికి రెండు మూలలా గుంటలు తీయించారు. వాయవ్యంలో మూడడుగులకే గట్టి మొరం తగిలింది. వంటింటి పక్కన ఆరడుగులు తవ్వినా తగల్లేదు. నల్లమట్టి, పెంకులు, కంకర, ఒక ఇనపతీగ చుట్ట. బావిని దేంతో పడితే దాంతో పూడ్చేశారనీ, అలాంటి పూడిక ఏళ్ళ తరబడి వాననీళ్ళకు దిగుతూనే ఉంటుందనీ చెప్పారు. ఇల్లంతా బావి మీద లేదు, ఒక మూల మాత్రం దాని ఒడ్డు మీద కూర్చుంది. ఆ మూల పునాది కింద కాంక్రీటుతో బలం చేయించాం. పైఅంతస్తు మానుకున్నాం. అత్తయ్యగారు కింద గదిలోనే ఉన్నారు, మేం హాల్లో సర్దుకుంటున్నాం.

ఇంటి కాగితాల ఫైలులో మన దస్తావేజు, దాని ముందరి లింకు దస్తావేజులు, పహాణీలు వరసగా పెట్టుకుంటాం కదా. 1963-64 నకలు వెనక ఖాళీగా ఉన్న వైపు నేను పెన్నుతో రాసిపెట్టాను. బావి ఎక్కడుంది, గుడిసె ఎక్కడుంది, అందులో ఎవరున్నారు, వాళ్ళ పేర్లు, ఏ పనికి ఎంత కూలి. పేర్లు ఇక్కడ రాయను, ఫైలులో ఉన్నాయి. రేపు ఈ ఇల్లు మా పిల్లలదైనా, ఇంకొకరిదైనా ఆ కాగితమూ వెంట వెళ్తుంది.

రాసింది అవ్వకు చదివి వినిపించాను. గంప మీద గోనెపట్టా సర్దుకుంటూ మొత్తం విని, "బాయి గడ్డకు నిమ్మచెట్టుండె. గదిడిసిపెట్టినవ్. రాయి" అంది.

రాశాను.