మైలుతుత్తము

మైలుతుత్తమను మాటలో ఒక నెమలి దాగియున్నది. సంస్కృతమున తుత్థమనగా ఈ రాగిలవణపు నీలిస్ఫటికమే. మయూరకంఠచ్ఛాయ గలది గనుక అమరకోశము దీనిని శిఖిగ్రీవమనియు మయూరకమనియు పేర్కొన్నది. తమిళులు నెమలిని మయిల్ అందురు. మన మైలు దానికి చుట్టమే కాని, అశౌచమును దెలుపు మైలతో సంబంధము నాకు కనబడదు. హైదరాబాదు పాతబస్తీ అంగళ్లలో వినవచ్చు ‘నీలా థోథా’లోని థోథాయు తుత్థశబ్దభవమే.

ఈ తుత్తము చేయు పనిని బిద్రీలో చూడవలెను. బీదరునుండి వచ్చి హైదరాబాదు పాతబస్తీలోను వేళ్లూనిన ఆ వెండిపొదుగు పనిలో, సుమారు 16 పాళ్ల తుత్తునాగమునకు ఒక పాలు రాగి చేర్చి పోతపోసిన పాత్రను ఆకురాయితో నునుపుచేసి, దానిపై మైలుతుత్తపు నీటిని పులుముదురు. తుత్తునాగము కొంత కరగి, నీటిలోని రాగి సన్నని నల్లపొరయై నిలువగా, ఆ నలుపుమీద ఉలిగీటు తెల్లగా తళుక్కుమని చెక్కువాని కంటికి దారి చూపును. వెండి పొదిగినపిమ్మట ఆ పొరను ఆకురాయియే తుడిచివేయును. శాశ్వతమైన నలుపు వేరు: అది నవాసారమును బీదరు కోటమట్టిని కలిపి వేడిపాత్రపై రుద్దగా వచ్చునది.

సాలార్జంగు ప్రదర్శనశాలలోని బిద్రీ హుక్కాబుడ్లయందు జనులు ఆ తుదినలుపునే మెచ్చుకొందురు. నాకు మాత్రము వానిని చూచునపుడెల్ల, ముందుగా వచ్చి చెరిగిపోయిన ఆ నెమలినీటి పూతయే తలపునకు వచ్చును.