గన్నవరం - సింగపూరు విమాన ప్రయాణం

గన్నవరం - సింగపూరు విమాన ప్రయాణం విజయవాడ సమీపాన గన్నవరంలోని విమానాశ్రయానికీ, సింగపూరులోని చాంగీ విమానాశ్రయానికీ మధ్య జరిగే ప్రయాణము. రెండింటి మధ్య గగనతల దూరం సుమారు 3,050 కి.మీ. ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలకు గన్నవరం సమీప విమానాశ్రయము.

దూరం లెక్కించే విధానం

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు ప్రదేశాల మధ్య అతి తక్కువ దూరాన్ని మహావృత్తం వెంబడి కొలుస్తారు. గన్నవరం విమానాశ్రయం సుమారు 16.5° ఉత్తర అక్షాంశం, 80.8° తూర్పు రేఖాంశం వద్ద, చాంగీ 1.4° ఉత్తర అక్షాంశం, 104° తూర్పు రేఖాంశం వద్ద ఉన్నాయి. ఈ రెండు బిందువులు భూకేంద్రం వద్ద చేసే కోణం 27.4 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున లెక్కిస్తే పై దూరం వస్తుంది. ఈ రేఖ బంగాళాఖాతాన్ని దాటి, సరిగ్గా సగం దూరంలో కార్ నికోబార్ దీవి సమీపం నుండి పోతుంది. విమానాలు నిర్దేశిత వాయుమార్గాలను అనుసరిస్తాయి గనుక అవి ప్రయాణించే దూరం కొంత ఎక్కువగా ఉంటుంది.

ప్రయాణ సమయం

గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోయే విమానానికి ఈ దూరం దాటడానికి 3 గంటల 40 నిముషాలు పట్టాలి. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండడం వలన మొత్తం సమయం పెరుగుతుంది. జూన్ - సెప్టెంబరు నెలలలో దక్షిణ భారతదేశం మీదుగా చాలా ఎత్తున తూర్పు గాలులు బలంగా వీస్తాయి. అప్పుడు సింగపూరు వెళ్ళే విమానానికి ఎదురుగాలి, తిరిగివచ్చే విమానానికి అనుకూలమైన గాలి లభిస్తాయి.

సింగపూరు కాలమానం భారత కాలమానం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఉదాహరణకు సాయంత్రం 6 గంటలకు గన్నవరంలో బయలుదేరి నాలుగు గంటలు ప్రయాణించిన విమానం దిగేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి 12:30 అవుతుంది, తేదీ కూడా మారుతుంది. మధ్యాహ్నం 2 గంటలకు సింగపూరులో బయలుదేరినది ఇక్కడ 3:30కే దిగుతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుండి

విమానాశ్రయానికి తెనాలి నుండి సరళరేఖలో సుమారు 36 కి.మీ., రేపల్లె నుండి 57 కి.మీ., బాపట్ల నుండి 78 కి.మీ. దూరం ఉన్నది. అయితే ఈ మూడు పట్టణాలు కృష్ణానదికి పడమటి వైపున, గన్నవరం తూర్పు వైపున ఉన్నందున వంతెన ఉన్నచోటనే నదిని దాటవలెను. రేపల్లె నుండి రైలులో తెనాలి మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుండి రోడ్డు మార్గాన గన్నవరం వెళితే దాదాపు 85 కి.మీ. అవుతుంది. పెనుమూడి - పులిగడ్డ వారధి మీదుగా వెళ్ళడం రెండవ మార్గం. అంతర్జాతీయ ప్రయాణీకులు సాధారణంగా మూడు గంటల ముందు విమానాశ్రయానికి చేరవలసి ఉంటుంది. కనుక ఇల్లు విడిచినది మొదలు లెక్కిస్తే, గాలిలో గడిపే సమయం కంటే నేలమీద గడిపే సమయమే ఎక్కువ కావచ్చు.

సర్వీసుల చరిత్ర

గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా లభించింది. 2018 డిసెంబరులో ఇండిగో సంస్థ సింగపూరుకు వారానికి రెండు సర్వీసులు ప్రారంభించింది. సీట్లు నిండనప్పుడు ఏర్పడే లోటును రాష్ట్ర ప్రభుత్వం భరించేటట్లు ఒప్పందం కుదిరింది. 2019 జూన్‌లో ఈ సర్వీసులు ఆగిపోయాయి. 2025 నవంబరు 15 నుండి తిరిగి నడుపనున్నట్లు అదే సంస్థ ప్రకటించింది.

నేరుగా విమానం లేని కాలంలో ప్రయాణీకులు హైదరాబాదు, చెన్నై వంటి నగరాలను ఆశ్రయించవలసి వచ్చింది. శంషాబాదు నుండి సింగపూరుకు దూరం సుమారు 3,300 కి.మీ. అనగా గాలిలో పెరిగేది 250 కి.మీ. మాత్రమే, అది అరగంటలోపు ప్రయాణం. కానీ తెనాలి నుండి శంషాబాదు సరళరేఖలోనే 260 కి.మీ. ఉన్నందున, రోడ్డు లేక రైలు మార్గాన ఆ దూరం దాటడానికి విమాన ప్రయాణమంత సమయం పడుతుంది.