సీమ నుంచి వచ్చినవాడికి పంక్తిలో చోటు

ఇవాళ మన ఊళ్లలో పిల్లలు ఒక సెమిస్టరు పైదేశంలో చదివి ఇంటికి రావడం పెద్ద వార్త కాదు. వెళ్లేటప్పుడు వీసా, ఫీజు, బ్యాంకు అప్పు అడ్డుపడొచ్చు గానీ, తిరిగి వచ్చాక సొంతింటి గడప దాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నూట ముప్ఫై ఏళ్ల కిందట సంగతి తలకిందులుగా ఉండేది. డబ్బూ ధైర్యమూ ఉంటే ఓడెక్కడం సాధ్యమే. అసలు పరీక్ష ఓడ దిగాక మొదలయ్యేది. సీమ (ఇంగ్లండు) నుంచి వచ్చినవాడి పక్కన కూర్చుని ఎవరు తింటారు, వాడికి ఎవరు పిల్లనిస్తారు, వాడింట్లో తద్దినానికి బ్రాహ్మణులు వస్తారా రారా, చచ్చిపోతే మోయడానికి నలుగురు దొరుకుతారా అన్నవి కులపెద్దలు తేల్చేవారు. సముద్రం దాటడం పాపమని శాస్త్రం చెప్పింది కనక ఇలా జరిగిందని సాధారణంగా అనుకుంటాం. ఆ కాలపు దాఖలాలు దగ్గర పెట్టుకుని చూస్తే ఆ వివరణ చాలదు. నా వాదన ఇది: తిరిగొచ్చిన విద్యార్థి చుట్టూ రేగిన గొడవ ముఖ్యంగా కంచం పొత్తు, మంచం పొత్తుల మీద పెత్తనం ఎవరిదన్న గొడవ. శాస్త్రం ఆ పెత్తనానికి ఆయుధంగా ఉపయోగపడింది.

శాస్త్రంలో ఆ మాటే లేదని అనడం నా ఉద్దేశం కాదు. ఉంది, గట్టిగానే ఉంది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనానికి కారణమయ్యే పనుల్లో లెక్కించి, మూడేళ్ల పాటు చేయాల్సిన కఠినమైన వ్రతాన్ని విధించింది: నాలుగు పూటలకొకసారి కొద్దిగా తినడం, రోజుకు మూడుసార్లు స్నానం, పగలంతా నిలబడడం, రాత్రంతా కూర్చోవడం. అదే గ్రంథం సముద్రయానాన్ని ఉత్తరాది వాళ్ల ఆచారాల్లో ఒకటిగా కూడా చెబుతుంది. అంటే అప్పటికే వెళ్లేవాళ్లు వెళ్తున్నారన్నమాట. తర్వాతి కాలపు నిబంధన గ్రంథాలు కలివర్జ్యాల (కలియుగంలో విడిచిపెట్టాల్సినవాటి) జాబితాలో ఇంకా ముందుకు వెళ్లి, ఓడలో సముద్రం మీద పోయిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం చేసుకున్నా సరే కలుపుకోకూడదన్నాయి. వాటిలో ఒకటైన, 1612 నాటి కమలాకర భట్టు నిర్ణయసింధు మన ప్రాంత పండితులకూ ప్రమాణ గ్రంథమే. ఇప్పుడు పంతొమ్మిదో శతాబ్దంలో జరిగినదాన్ని వీటి పక్కన పెట్టి చూడండి. బౌధాయనుడు చెప్పిన మూడేళ్ల వ్రతం చేయమని సీమ నుంచి వచ్చిన ఏ బారిస్టరునైనా అడిగినట్టు నాకు దాఖలా కనిపించలేదు. కలివర్జ్యం మాట ప్రకారమైతే కలుపుకోవడమే కుదరదు. కానీ పుణ్యనదిలో స్నానం, పంచగవ్యం, దానం, కులంవారికి విందు అయ్యాక చాలామందిని కలుపుకున్నారు. కట్టడి చేసినవాళ్లే గ్రంథాన్ని అక్షరాలా పాటించలేదు. ఏది పాటించాలో, ఎవరి విషయంలో పాటించాలో తేల్చే అధికారాన్ని మాత్రం తమ దగ్గర ఉంచుకున్నారు.

పైగా ఈ నిషేధం కాగితం మీద ఉన్న శతాబ్దాలన్నిటా మన తీరం ఓడలతో కళకళలాడుతూనే ఉంది. శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించి, గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లాగా లాక్కోబోమనీ, సుంకం మాత్రమే తీసుకుంటామనీ సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. గోల్కొండ కాలంలో మచిలీపట్నం ఓడలు పెగూకీ ఆచేకీ ఎర్రసముద్రపు రేవులకీ తిరిగాయి. నిషేధం ద్విజులకే గదా, ఓడల మీద పోయింది వేరేవాళ్లు గదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పుడు జవాబు చెప్పాల్సిన ప్రశ్న మరొకటి వస్తుంది: ఎప్పటినుంచో పుస్తకంలో ఉన్న నియమం మీద ఇంత రభస పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలోనే ఎందుకు వచ్చింది? అప్పుడు వెళ్లడం మొదలుపెట్టినవాళ్లు వర్తకులు కారు, విద్యార్థులు. సరుకు అమ్ముకుని వచ్చే బాపతు కాదు. పరాయి ఇంట్లో అద్దెకుండి, పరాయి చేతి వంట తిని, మూడేళ్లకు పట్టాతో దిగేవాళ్లు. ఆ పట్టా వాళ్లను కులపెద్దల మాటకు లోబడనక్కర్లేని ఉద్యోగాల్లో, కోర్టుల్లో కూర్చోబెట్టేది. పెత్తనానికి వచ్చిన అసలు ముప్పు అక్కడుంది.

ఈ విషయం గాంధీ ఉదంతంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1888లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు లండన్ బయలుదేరే ముందు మద్యం, మాంసం, స్త్రీ సాంగత్యం ముట్టనని తల్లి దగ్గర ప్రమాణం చేశాడు. బొంబాయిలో అతని మోఢ్ బనియా కులంవారి సభ పెట్టి, వెళ్లొద్దని కులపెద్ద శేఠ్ ఆజ్ఞాపించాడు. వెళ్తానని కుర్రాడు అనగానే వెలి ప్రకటించి, అతనికి సాయం చేసినవాళ్లకీ, సాగనంపడానికి రేవుకు వెళ్లినవాళ్లకీ ఒక రూపాయి నాలుగణాల జుల్మానా అన్నాడు. అప్పటికి కుర్రాడు ఓడే ఎక్కలేదు. సముద్రం దాటలేదు, పరాయి కూడు తినలేదు. తప్పు జరగకముందే శిక్ష పడింది. ధిక్కారానికి పడిన శిక్ష అది. 1891లో ప్రమాణం నిలబెట్టుకుని తిరిగి వచ్చాడు. నియమం ఆహారశుద్ధి గురించే అయితే అతన్ని వెంటనే కలుపుకోవాలి. కులం మాత్రం రెండుగా చీలింది. ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న వర్గాన్ని సంతోషపెట్టడానికి అన్నగారు నాసిక్ తీసుకెళ్లి గోదావరిలో స్నానం చేయించాడు, రాజ్‌కోట్‌లో కులానికి విందు ఇచ్చాడు. రెండో వర్గం చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ వెలి కింద అత్తమామలు గానీ, అక్కాబావలు గానీ అతనికి మంచినీళ్లు ఇవ్వడానికి కూడా వీల్లేదు. దొంగచాటుగా ఇస్తామన్నారు, చాటుగా చేసే పని తనకు ఇష్టం లేదని ఆయనే తాగలేదు. ఒకే నది, ఒకే స్నానం, ఒకే మనిషి. ఒక వర్గానికి శుద్ధుడు, ఇంకో వర్గానికి కాదు. ఈ తేడాను శాస్త్రంతో వివరించడం నాకు సాధ్యంగా కనిపించడం లేదు.

కాశ్మీరీ పండితుల్లోనూ ఇదే జరిగింది. బారిస్టరీ చదివి 1887లో లక్నో తిరిగొచ్చిన బిషన్ నారాయణ్ దర్ ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. అయినా సనాతనులు అతన్ని దగ్గరికి రానివ్వలేదు. దాంతో కులం బిషన్ సభ, ధర్మ సభ అని రెండు పక్షాలైంది. తర్వాత సీమ వెళ్లొచ్చిన యువకులు నామమాత్రంగా శుద్ధి జరిపించుకుని సంస్కరణ పక్షంలో చేరసాగారు. ఆ తంతు ఒక ప్రహసనం లాంటిదనీ, అందులో మతం పాలు తక్కువనీ, గుంపు మాటకు పైకి తలొగ్గడమేననీ జవహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథలో స్పష్టంగానే రాశాడు. ఆయన తండ్రి మోతీలాల్ 1899లో యూరప్ వెళ్లి వచ్చి ఆ నామమాత్రపు తంతు కూడా చేసుకోనన్నాడు. సంపాదన ఉన్న వకీలు కాబట్టి ఆయన తట్టుకోగలిగాడు. పెళ్లిళ్లన్నీ తమలో తామే చేసుకోవాల్సిన చిన్న కులంలో, అంత స్తోమత లేని కుటుంబం ఆ మాట అనగలిగేది కాదు.

అధికారం ఉన్నచోట ఇదే నియమం ఎంతగా వంగిందో చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెళ్లిన జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్ ఓడనే అద్దెకు తీసుకుని, బ్రహ్మాండమైన వెండి గంగాళాల్లో గంగాజలం వెంట తీసుకెళ్లాడు. ఆయన్ను వెలివేసే ధైర్యం ఎవరికీ లేదు. నేపాల్‌లో 1850లో ఇంగ్లండు వెళ్లిన జంగ్ బహదూర్ రాణా తిరుగు దారిలో తీర్థాలు సేవించి ఖాట్మండు చేరాడు, యథాప్రకారం రాజ్యం ఏలాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వేల మంది గూర్ఖాలు ఓడలెక్కాల్సి వచ్చినప్పుడు, తిరిగొచ్చిన సిపాయిలు పానీ పతియా అనే శుద్ధి జరిపించుకుంటే చాలని నేపాల్ ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. సైన్యానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు పాపం చిన్నదైపోయింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసిపారేయకూడదు. పెద్దల పెత్తనం నిజమే కావచ్చు, కానీ ఇళ్లల్లో తల్లులకూ అమ్మమ్మలకూ ఉన్న భయం, భక్తి నిజం కావా? నిజమే. శ్రీనివాస రామానుజన్ కథ దానికి సాక్ష్యం. నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు నెలకు పాతిక రూపాయలిచ్చి పోషించిన ఆ గణిత మేధావిని కేంబ్రిడ్జి పిలిస్తే, మొదట తల్లి ఒప్పుకోలేదు. నామగిరి అమ్మవారు కలలో కనిపించి అడ్డుపడొద్దని చెప్పాకే కదలనిచ్చిందని చెబుతారు. 1914లో వెళ్లాడు. శాకాహారం విడవకుండా తన వంట తనే చేసుకున్నాడు. 1919లో జబ్బుతో తిరిగొచ్చాడు. శుద్ధి కోసం రామేశ్వరం తీసుకెళ్లాలని తల్లి తపించింది, అతని ఆరోగ్యం అందుకు సహకరించలేదు. 1920 ఏప్రిల్ 26న ముప్ఫై రెండేళ్లకే చనిపోయాడు. ప్రాయశ్చిత్తం జరగలేదన్న కారణంతో ఆచారపరులైన బంధువుల్లో చాలామంది అంత్యక్రియలకు దూరంగా ఉండిపోయారని జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. ఆ తల్లి నమ్మకానికీ, ఆ బంధువులు మొహం చాటేయడానికీ తేడా ఉంది. ఆమె నమ్మకం కొడుకును పంక్తిలోకి తిరిగి తెచ్చుకునే దారి వెతికింది. బంధువుల్లో ఎక్కువమందిని ఆపింది, రేపు తామూ వెలిపడతామేమో అన్న భయం. వెలిపడినవాడితో సంసర్గం పెట్టుకున్నవాడికీ వెలే కదా. మనసులో ప్రేమ ఉన్నవాళ్లను కూడా కాళ్లు కట్టేసి కూర్చోబెట్టగల శక్తి ఆ కట్టడికి ఉండేది. భక్తి ఉందని ఒప్పుకుంటే నా వాదన బలహీనపడదు; ఆ భక్తిని పెత్తనం ఎలా వాడుకుందో బయటపడుతుంది.

ఆ పొత్తుల వలయం బయట ఉన్నవాళ్లను వెలి తాకలేకపోయింది కూడా. ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి హైదరాబాదు వచ్చి, నిజాం కాలేజీకి మూలమైన విద్యాలయాన్ని నడిపిన అఘోరనాథ చట్టోపాధ్యాయ బ్రహ్మసమాజి. ఆయన కూతురు సరోజిని నిజాం విద్యార్థి వేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్లి 1898లో తిరిగొచ్చింది. అదే ఏడు మద్రాసులో, ఎడిన్‌బరోలోనే వైద్యం చదివిన గోవిందరాజులు నాయుడితో ఆమెకు కులాంతర వివాహం కందుకూరి వీరేశలింగం ఆధ్వర్యంలో బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగింది. పంక్తి పెద్దల చేతిలో లేదు కాబట్టి అక్కడ చెల్లించాల్సిన మూల్యమూ లేదు. వీరేశలింగానికి ఆ ఆయుధం పదును బాగా తెలుసు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఇదే వెలి ఆయన మీదా ఆయన మిత్రుల మీదా పడింది. పదిమంది కలిసి నిలబడితే దాని కోరలు ఊడతాయని గోదావరి ఒడ్డున రుజువు చేసినవాడు ఆయన.

ఈ ఆచారం పండిత చర్చతో కూలిపోలేదు. 1890ల మొదట్లో కలకత్తాలో శోభాబజార్ రాజకుమారుడు వినయకృష్ణ దేవ్ వంటివాళ్లు సముద్రయానానికి అనుకూలంగా పండితుల వ్యవస్థలు (శాస్త్ర నిర్ణయాలు) సేకరించారు. 1892లో ఆయనకు రాసిన లేఖలో బంకించంద్రుడు, సమాజం శాస్త్రం కంటే లోకాచారాన్ని బట్టే నడుస్తుందనీ, శాస్త్రవచనాల బలంతో సంస్కరణ సాధ్యం కాదనీ అన్నాడు. ఆయన అంచనాయే నిజమైంది. వెళ్లొచ్చినవాళ్ల సంఖ్య పెరిగి, వెలివేసినవాళ్ల ఇళ్లల్లోంచే పిల్లలు ఓడలెక్కడం మొదలయ్యాక వెలి అర్థం కోల్పోయింది. సీమ పట్టా ఉన్న పెళ్లికొడుకు ప్రాయశ్చిత్తం అడిగించుకునే స్థితి నుంచి కట్నం అడిగే స్థితికి వచ్చాడు. ఇది నాకు సంతోషంగా చెప్పుకోదగ్గ ముగింపుగా కనిపించదు. మొదట పరువు పేరిట, తర్వాత డబ్బు పేరిట, తిరిగొచ్చిన మనిషికి వెల కట్టడం మాత్రం ఆగలేదు.

ఇంత చర్చలోనూ చోటు దొరకనివాళ్లు కొందరున్నారు. సీమ చదువులకు వెళ్లినవాళ్లు వందల్లో ఉంటే, కూలికి సముద్రం దాటిన తెలుగువాళ్లు వేలల్లో, లక్షల్లో ఉన్నారు. కోరంగి రేవు పేరు మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లకే పేరుగా స్థిరపడింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగువాళ్లున్నారు. గడువు తీరి 1871లో నాటాల్ నుంచి మద్రాసు తిరిగొచ్చిన కూలీలు అక్కడి యజమానుల అన్యాయాల మీద ఫిర్యాదు చేస్తే ఆగి ఉన్న వలసను మళ్లీ మొదలుపెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు, నాటాల్‌లో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. ఏ బారిస్టరు తిరుగు ప్రయాణానికీ తీసిపోని చరిత్ర అది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి, కూడబెట్టుకున్నది మూటగట్టుకుని వచ్చినవాళ్లకు లెక్కే లేదు. 1930లో రంగూన్ రేవులో అల్లర్లు జరిగాయి. 1942లో జపాన్ దండెత్తినప్పుడు ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇల్లు చేరారు. వారిని ఊరు ఎలా కలుపుకుంది, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు దూరం పెట్టారు అన్నవి మోతీలాల్ కథలాగా ఆత్మకథల్లోకి ఎక్కలేదు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో రంగం (రంగూన్) వెళ్లొచ్చిన తాతముత్తాతల కబుర్లు ఇంకా గుర్తున్న ఇళ్లున్నాయి. ఆ ఇళ్లవాళ్లకు నా విన్నపం ఒక్కటే: చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఆ రాకల కథలు అడిగి, పేర్లతో ఊళ్లతో రాసిపెట్టండి.