మాటకు మీటరు తిరిగిన రోజులు

మితంగా మాట్లాడటం సుగుణమని శతకాల కాలం నుంచీ వింటున్నాం. మహారాష్ట్రలోని భివండీ సాంచాల (మరమగ్గాల) చరిత్ర చూస్తే మాత్రం అది సుగుణం కావడానికి ముందు ఒక ఖర్చు లెక్క అనిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతకవచ్చిన పద్మశాలీలు నాగావ్, పద్మానగర్ చుట్టుపక్కల షెడ్లలో నేసిన గుడ్డకు కూలి మీటరుకింత. 12 గంటల షిఫ్టులో ఒక్కడే నాలుగైదు సాంచాలు చూసుకోవాలి. పక్కవాడితో కబుర్లలో పడితే తెగిన పోగు కనబడదు, గుడ్డ చెడుతుంది, కూలి తెగుతుంది. దానికితోడు షటిల్ సాంచాల మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. కండె అయిపోయిందని చెప్పాలన్నా చెయ్యి, కన్ను, పెదవులే దిక్కు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో కూడా ఇదే అవసరం పెదవులతో మాట్లాడే పద్ధతిని పుట్టించింది. దానికి అక్కడ ‘మీ-మా’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

షెడ్డు దాటినా మాట చవక కాలేదు. టెలిగ్రాముకు పదం లెక్కన డబ్బు. చిరునామాలోని మాటలూ ఆ లెక్కలోనివే. మనియార్డరు ఫారం అడుగున కబురు రాయడానికి ఇచ్చే జాగా రెండు మూడు వాక్యాలకే సరిపోయేది. పైగా ఊళ్లో చదువురాని తల్లికి దాన్ని చదివి వినిపించేది పోస్ట్‌మ్యానే. కాబట్టి భార్యకు చెప్పాల్సిన మాట అందులో ఎక్కేది కాదు. డబ్బు పంపాను, బాగున్నాను, అంతే. 1980ల చివర్లో ఎస్టీడీ బూత్‌లు వచ్చాక మీటరు మీద ఎర్ర అంకెలు కళ్లముందే పరుగెత్తేవి. చార్జీ తగ్గే రాత్రి వేళ కోసం జనం వరసకట్టి కాచుకునేవారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మాట దాదాపు ఉచితమయ్యాక ఆ పొదుపు ఎంత వేగంగా ఎగిరిపోయిందో అందరం చూశాం. స్వభావమే అయితే అంత త్వరగా పోయేది కాదు.

పొట్టి మాట నిజాయితీకి గుర్తు అనే వాదన కూడా ఉంది. వలస ఊళ్ల చరిత్ర దాన్ని ఒప్పుకోదు. తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు అన్న టెలిగ్రాము సేటు దగ్గర సెలవుకూ, పెళ్లి వద్దన్న కొడుకును ఊరికి రప్పించడానికీ ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో! 2013 జూలైలో టెలిగ్రాము సేవలు ఆగిపోయేదాకా ఇంత చవకగా అబద్ధమాడే సాధనం మరొకటి లేదు.

అతివాగుడును చూసి నవ్వే అలవాటు మనకు కొత్త కాదు. 1892లో మొదటిసారి రంగమెక్కిన ‘కన్యాశుల్కం’లో గిరీశం కబుర్లతోనే బతుకుతాడు, శిష్యుడు వెంకటేశం నోరు వెళ్లబెట్టి వింటాడు. 1982లో జంధ్యాల సినిమా ‘నాలుగు స్తంభాలాట’ వచ్చి నటులు వీరభద్రరావు, వేలు పేర్ల ముందు ‘సుత్తి’ని శాశ్వతంగా తగిలించింది. ఈ రెండు చోట్లా నవ్వు మాట పొడవుకు రాలేదు. వినేవాడు తప్పించుకోలేక దొరికిపోయాడు, అందుకు వచ్చింది.

పొడుగు మాటలన్నీ దండగేనా అంటే, ఈ పద్మశాలీలకే కథ చెప్పే కూనపులివాళ్లు అడ్డం వస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం విప్పి, మార్కండేయుడి వంశం నుంచి పద్మశాలీల పుట్టుక దాకా రాత్రుల తరబడి చెబుతారు. అక్కడ వినేవాళ్లే పిలిపించుకుంటారు, పైకమూ బియ్యమూ ఇస్తారు. షెడ్డులో మాట సాగితే కూలి పోయేది నేతగాడికే. పటం ముందు కథ కురచైతే నష్టపోయేదీ అతడే.