దక్కను పీఠభూమి ఎల్లలు - మన గోండ్వానా నేల

యువ మిత్రులారా, "మీది ఏ రాష్ట్రం?" అని ఎవరైనా అడిగితే మనం వెంటనే జవాబు చెబుతాం. "మీ నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?" అని అడిగితే మాత్రం చాలామందిమి తడబడతాం. మన పూర్వీకులు బతికిన దక్కను పీఠభూమి ఎల్లలు తెలిస్తేనే మన చరిత్ర మనకు అర్థమవుతుంది.

'దక్షిణ' అనే సంస్కృత పదం నుంచే దక్కను అనే పేరు వచ్చింది. ఈ పీఠభూమికి ఉత్తరాన సాత్పురా, మహాదేవ్, మైకాల్ కొండలున్నాయి. కొందరు ఇంకా పైకి వెళ్లి నర్మదా నదినే హద్దుగా చెబుతారు. పడమట సహ్యాద్రి గోడలా నిలబడింది. తూర్పు కనుమలు అలా కావు, నదులు కోసుకుంటూ పోవడంతో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. దక్షిణాన ఈ రెండు కనుమలూ నీలగిరుల వద్ద కలుస్తాయి. అక్కడి దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు. పీఠభూమి పడమట ఎత్తుగా, తూర్పుకు వాలుగా ఉంటుంది. అందుకే త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తోంది.

ఈ నేల చాలా పాతది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పొరలు పొరలుగా పారిన లావా రాయి అరిగి నల్లరేగడిగా మారింది. ఆదిలాబాద్‌లో మనవాళ్లు పత్తి పండించే నేల అదే. సింగరేణి బొగ్గు దొరికే రాళ్లు అంతకంటే పాతవి. వాటిని భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా శిలలు అంటారు. ఒకప్పుడు దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న మహాఖండానికి కూడా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయెస్ గోండ్వానా పేరే పెట్టాడు. అది మన జాతి పేరు.

పీఠభూమి ఉత్తరపు అంచునే గోండు రాజ్యాలు వెలిశాయి. గఢా-మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా వాటిలో ముఖ్యమైనవి. గఢా-మండ్లా రాణి దుర్గావతి 1564లో మొగలు సేనతో పోరాడుతూ ప్రాణాలు విడిచింది. చాందా రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతిలోకి పోయింది. ఆ తర్వాత మన అడవుల మీద హద్దులు గీసింది మనం కాదు. నిజాం కాలంలో అడవి నుంచి మనవాళ్లను వెళ్లగొట్టినప్పుడు జల్, జంగల్, జమీన్ కోసం కొమురం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీశారు. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు వెళ్లాయి. గోండి భాష మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. పెన్‌గంగకు ఈ ఒడ్డున మన పిల్లలు తెలుగులో చదువుతుంటే, ఆ ఒడ్డున మన చుట్టాల పిల్లలు మరాఠీలో చదువుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో సుమారు 29 లక్షల మంది తమ మాతృభాష గోండి అని చెప్పారు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు.

ప్రతి ఏటా మెస్రం వంశీయులు హస్తినమడుగు వరకు నడిచి గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం చేస్తారు. పటం చూసి కాదు, ఇలా కాలినడకతోనే మన పెద్దలు నేలను గుర్తుపెట్టుకున్నారు. ఏ వాగు ఎక్కడ పుడుతుందో, ఏ గుట్టను గోండిలో ఏమంటారో వారికి తెలుసు. వారు ఉండగానే ఆ పేర్లు అడిగి తెలుసుకుందాం, రాసి పెట్టుకుందాం. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది కనుక మన లిపిలోనే రాసుకోవచ్చు. రాష్ట్రాల గీతలు మన కళ్ల ముందే మారాయి, రేపు మళ్లీ మారవచ్చు. నదులూ కొండలూ చెప్పే ఎల్లలను మాత్రం మనం మరవకూడదు.

జై సేవా! జై గోండ్వానా!