నేపాళ మాంత్రికుడు మనోళ్ల చేతివాడే

ఎవుర్రా అది, రాజనాల ఎవరని అడిగింది? నువ్వేనా అబ్బీ? ఇట్లా ముందుకొచ్చి కూచో, పొగ ఆ పక్కకు పోతాంది. చేతిలో కంకి తిప్పు, మాడిపోతాది. ఇంతసేపూ మీ మాటలు వింటాండా. ఒకడేమో విలను ఒళ్లు చూడు ఎట్లుందో అంటాడు, ఇంకోడేమో వాడు బొంబాయి నుంచి వచ్చినాడంటాడు. ఒళ్లు చూసి బెదిరేదానికి విలనెందుకప్పా, సంతకు పోతే దున్నపోతు కనపడదా? విలనంటే వాడు నవ్వితే మనకు ఒళ్లు జలదరించల్ల. చెప్తా వినండి. నిద్రొచ్చేవాళ్లు పొయ్యి పండుకోండి, మధ్యలో లేస్తే మాత్రం ఊరుకోను.

మా చిన్నప్పుడు ఈ మైలవరానికి డ్యామింకా కట్టలేదు. పెన్న ఎండితే ఇసకలో నడిచి పోయేదే. జమ్మలమడుగు దిక్కు టూరింగ్ టాకీసు డేరా పడిందంటే చాలు, పొద్దుగూకక ముందే బండ్లు కట్టేవాళ్లు. మైకులో ఘంటసాల భక్తిపాట మొదలైతే టికెట్లు ఇస్తాండారని లెక్క. మాది నేల టికెట్టు. ఇసక కుప్ప చేసుకొని దాని మింద కూచుంటే కుర్చీకన్నా ఎత్తు. ఎనకోళ్లు తిట్టేది, మేము వినిపించుకోనిది. మిషనొకటే గదా, రీలు అయిపోయినప్పుడల్లా లైటేసి ఇంకో రీలు ఎక్కించల్ల. ఆ సందులోనే చెనిక్కాయలోడు, సోడాలోడు తిరుగుతాండ్రి. ఆడోళ్లు అప్పటిదాంకా జరిగిన కథకు విలన్ని తిట్టేది గుడా ఆ సందులోనే. మా అవ్వ అయితే చేతికందిన ఇసక తీసి తెర దిక్కు చల్లి, "నీ నోట మన్నుబడ!" అనింది ఒకసారి. ముందర కూచున్నోళ్ల నెత్తిన పడి పెద్ద రగడైపాయ. ఎవుణ్ణి చూసి అట్లనిందో తెల్సునా? నేపాళ మాంత్రికుణ్ణి.

పాతాళభైరవి. 1951 మార్చిలో వచ్చిన బొమ్మ. మా డేరాకు వచ్చేసరికి ఎన్నేండ్లయిందో, రీలు నిండా గీతలే, వాన కురిసినట్టుండ్య. అయినా ఆ మాంత్రికుడు తెర మిందికి రాంగానే డేరా అంతా గప్‌చిప్. ఆ వేషమేసిన ఎస్.వి.రంగారావుకు అప్పటికి ముప్పై రెండేండ్లే. ఊరు నూజివీడు. సినిమాల్లోకి రాకముందు ఫైరింజను ఆఫీసులో ఉద్యోగం చేసిన మనిషి. మొనదేలిన గడ్డం, పొడుగు అంగీ, కండ్లకు కాటుక, డింభకా అని పిల్చే ఆ పిలుపు. పట్టుమని పది మందిని నరికిందేమీ లేదు వాడు. హీరో తోటరాముణ్ణి ముద్దుగా పిల్చుకపోయి, అన్ని మంచిమాటలూ చెప్పి, అమ్మవారికి బలియ్యాలని చూస్తాడు. అదీ భయం. మనకు మేలు చేస్తాండాడని నమ్మించేవాడే విలను.

ఆఖర్లో వాడు రాజకుమారి కోసమని గడ్డం తీయించుకొని కూచుంటాడు గదా, అప్పుడు జనం పడీపడీ నవ్వుతాండ్రి. అప్పటిదాంకా గజగజలాడించినోడే మాకు పాపం అనిపించె. వాని దుర్మార్గానికి ఒక ఆశుంది, ఆ ఆశకు ఒక ఎర్రితనముంది. నేను ఏ విలన్ని తూచినా ఆ తక్కెట్లోనే తూస్తా.

ఇప్పుడు అసలు మాట. ఆ మాంత్రికుణ్ణి చేసిందెవురు? బొమ్మ తీసిన నాగిరెడ్డి, చక్రపాణి ఇద్దర్లో నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడు మనిషి. మల్లీశ్వరి తీసిన బి.యన్.రెడ్డి ఆయనకు అన్న, ఆ ఇంటోళ్లది పులివెందుల దిక్కు. డైరెక్టరు కె.వి.రెడ్డి ఇక్కడికి పడమటగా ఉండే తాడిపత్రి దిక్కోడు. ఇంక మాంత్రికుని ఎంటబడి తిరిగే శిష్యుడు, సదాజప అని, వాణ్ణి చూసినారా? బక్కపిల్లోడు. వాడే పద్మనాభం. ఊరు సింహాద్రిపురం, పులివెందుల పక్కనే. అప్పటికి ఆయనకు ఇరవై గుడా నిండలేదు. మాంత్రికుడు చచ్చి పడుంటే సంజీవనితో మళ్లా బతికించేది ఆ సదాజపే. మన సింహాద్రిపురం పిల్లోడు లేకుంటే ఆ కథ సగంలోనే అయిపోయుండు! ఆ పద్మనాభమే తర్వాత సొంతంగా బొమ్మలు తీసి, 1967లో మర్యాదరామన్నతో బాలసుబ్రమణ్యానికి మొదటి పాట ఇచ్చినాడు. అది వేరే ముచ్చట, ఇంకో రోజు.

ఆ పాతాళభైరవినే 1952లో బొంబాయిలో మన దేశానికి మొదటి అంతర్జాతీయ సినిమా పండగ జరిగితే అక్కడ ఆడించినారు. దేశదేశాలోళ్లు వచ్చి మన మాంత్రికుణ్ణి చూసినారు.

కె.వి.రెడ్డి సంగతి ఇంకొంచెం చెప్పల్ల. ఆయనకు విలను అంటే భలే ఇష్టమని నా అనుమానం. ఎందుకంటాండానంటే, 1954లో పెద్దమనుషులు తీసినాడు. దాంట్లో విలను ఎవురు? ఊరికి చైర్మను! గౌరీనాథశాస్త్రి వేసినాడు. కత్తి లేదు, మీసం మెలెయ్యడు, తెల్లగుడ్డలు, మెత్తని మాట. ఊరంతా దండం పెట్టే మనిషి లోపల దొంగ. మేమది చూసి ఇంటికొస్తాంటే మా నాయన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. పక్కబండ్లో ఊరి పెద్దొకాయన ఉన్నాడులే, అందుకు. మరుసటేడు దొంగరాముడు. దాంట్లో ఆర్.నాగేశ్వరరావు వేసిన బాబులు. మూతి పక్కకు దిప్పి మాట్లాడే ఆ రౌడీ మాట పిల్లకాయల నోట్లో ఏండ్ల తరబడి నానింది. పాపం ఆయన 1959లోనే పాయ, చిన్న వయసు. మాయాబజారులో దుశ్శాసనుడు గుడా ఆయనే. ఆ బొమ్మలోనే సి.యస్.ఆర్. శకుని. పాచికలు అరచేతిలో రుద్దుకుంటా చిరునవ్వు నవ్వుతాడే, ఎప్పుడన్నా పేకాటలో నా ఎదుట అట్లా నవ్వేవాడు కూచుంటే నేను ముక్కలు కింద పెట్టి లేచొస్తా.

రాజనాల యాడికి పోయినాడంటావా? వస్తాండా. కాళేశ్వరరావు ఆయన పేరు, నెల్లూరు జిల్లా మనిషి. 1953లో ప్రతిజ్ఞ అనే బొమ్మతో మొదలుపెట్టినాడు. ఎత్తు, ఛాతీ, ఆ గొంతు. రామారావుతో కత్తియుద్ధమంటే ఎదురుగా రాజనాల ఉండాల్సిందే, లేకుంటే జనం ఒప్పుకోరు. జగదేకవీరుని కథలో రాజుగా వేసినాడు చూడు, దేవకన్యల పిచ్చిపట్టిన రాజు. పక్కన మంత్రి సి.యస్.ఆర్. ఎగదోస్తాంటాడు. అదీ కె.వి.రెడ్డి చేతిదే, 1961. 1969లో గండికోట రహస్యం వచ్చింది. మన కోట బొమ్మని ఊర్లకూర్లు కదిలిపోయినాయి. మన కోటకూ ఆ కథకూ ఏ సంబంధమూ లేదు, విఠలాచార్య జానపదం అది. జుమ్మా మసీదు కనపడుతుందేమో, పెన్న లోయ కనపడుతుందేమో అని కండ్లు చిల్లులు పడేట్టు చూసినాం. కనపడింది రామారావు, జయలలిత, రాజనాల! పైసలు దండగ కాలేదులే.

ఆ రాజనాల కడాకు ఎట్లా బతికినాడో తెలిస్తే మా అవ్వ ఏ విలను మిందా ఇసక చల్లేది కాదు. చక్కెరజబ్బుతో కాలు తీసేసినారు, చేతిలో పైస లేదు. 1998లో పోయినాడు. తెర మింద ఎన్ని రాజ్యాలు దోచుకున్నాడో లెక్కలేదు, బయట ఏమీ మిగల్లేదు. మంచోని వేషాలేసినోళ్లకు ఊర్లల్లో దండలు పడె, ఈయనకు తిట్లు పడె. ఆ తిట్లే తన కూలి అనుకోవాల్సిన బతుకు వాళ్లది.

ఏందమ్మాయ్, ఆడవిలన్లు లేరా అంటాండావా? సూర్యకాంతమ్మ ముందర ఎవుడు నిలబడతాడు! ఎడమ చెయ్యి ఊపుతా ఆమె వాకిట్లోకి వస్తే రాజనాల గుడా పక్కకు జరగాల్సిందే. తెలుగోళ్లు కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టుకోకుండా చేసింది ఆమె. అంతకు మించి ఏ విలనుకు బిరుదు కావల్ల?

నాగభూషణం ఇంకో రకం. రక్తకన్నీరు నాటకం ఊరూరా ఆడినాడు, వందలు గాదు వేల ఆటలంటారు. ఎగతాళిగా మాట్లాడి చురక పెట్టే విలను ఆయన. ఆ దారిని ఇంకా పెద్దది చేసింది రావుగోపాలరావు. 1975, ముత్యాలముగ్గు. బాపు బొమ్మ, రమణ మాటలు. దాంట్లో కంట్రాక్టరు పొద్దున్నే నెత్తురు లాంటి ఎర్ర ఆకాశం చూసి మురిసిపోతాడు, కలాపోసన కావాలంటాడు, ఆ నోటితోనే మనిషిని ఖూనీ చేయమంటాడు. గొంతు ఎత్తడు. మన దిక్కు పెండ్లి పందిట్లో మైకుసెట్టు పెట్టినారంటే పాటలు గాదు, ఆ బొమ్మ మాటల రికార్డే. తాళి కట్టేటప్పుడు గుడా ఆయన గొంతే ఊరంతా మోగుతాండ్య. విలను మాటలు పెట్టుకొని పెండ్లి చేసుకున్నోళ్లు ఇంకే దేశంలోనన్నా ఉన్నారేమో నాకైతే తెలీదు. అట్లా జరిగిన పెండ్లిండ్లు సుబ్బరంగానే నిలబడినాయిలే, మీ అవ్వను అడగండి.

సత్యనారాయణ, కోట శ్రీనివాసరావు, వీళ్లు ఏ వేషమైనా ఏసినోళ్లు. ఏడిపించినారు, నవ్వించినారు, అందుకే వాళ్లను ఉత్త విలన్లలో కట్టను. 1989 మాత్రం మరిచిపోరాదు. ఆ ఏడే శివ వచ్చె, అంకుశం వచ్చె. శివలో రఘువరన్ సన్నగా, నిబ్బరంగా నిలబడి చూస్తాడు, అంతే. అంకుశంలో నీలకంఠం వేసిన రామిరెడ్డి మన సీమోడే, చిత్తూరు జిల్లా. పేపర్లో పనిచేసినాడు అంతకుముందు. గుండు, ఆ చూపు! హిందీలో ఆ బొమ్మనే ప్రతిబంధ్ అని తీసినా ఆ వేషానికి ఇంకోడు దొరకలేదు, మళ్లా ఆయన్నే పిల్చుకున్నారు.

అదేంటికోగానీ, అప్పటిదాంకా సీమ మనిషి విలను వేసేవాడు. ఆ తర్వాత సీమే విలనైపాయ. 1997లో ప్రేమించుకుందాం రా, 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు. ఇంక చూస్కో. ఏ బొమ్మ చూసినా తెల్లగుడ్డలు, సుమోలు, బాంబులు, మా పేర్లు, మా ఊర్లు. మన దిక్కు కక్షలు లేవని నేను అబద్ధం చెప్పను. కొన్ని ఊర్లు ఖాళీ అయినాయి, కొన్ని ఇండ్లల్లో మగదిక్కు లేకుండా పాయ. దాన్ని చూపించమనే అంటా. కానీ ఆ ఇంట్లో మిగిలినామె బియ్యానికి ఏం చేసిందో ఒక్కడన్నా చూపించినాడా? కరువు, ఎండిన బోరు, వలస, ఇవేవీ లేవు. లేచింది మొదలు నరుక్కోవడమే. మా బంధువుల పిల్లోడు హైదరాబాదులో బాడిగిల్లు అడగబోతే, కడప అనేసరికి ఓనరు ముఖం మాడిపోయిందంట. మాంత్రికుణ్ణి చూసి నేపాళం వాళ్లకు ఎవురన్నా ఇల్లు ఇయ్యకుండా పోయినారా?

ఇంత కోపమున్నా జయప్రకాశ్ రెడ్డిని మాత్రం నేను ఒక్క మాట అననియ్యను. సిరివెళ్ల ఆయన ఊరు, ఆళ్లగడ్డ పక్కన. గుంటూరులో పిల్లోళ్లకు పాఠాలు చెప్పిన అయ్యవారు. నాటకాలు వేస్తాంటే చూసి దాసరి నారాయణరావు సినిమాల్లోకి తెచ్చినాడు, 1988లో బ్రహ్మపుత్రుడు మొదటిది. ఆ తర్వాత చాన్నాళ్లకు ప్రేమించుకుందాం రాలో ఆయన నోరు తెరిచినాడు చూడు, ప్రొద్దుటూరు హాల్లో జనం అరిసినారు. ఎందుకు? తెర మింద మొదటిసారి మన మాట మన మాట మాదిరే వినపడింది. అంతకుముందు సీమోడంటే నవ్వించేదానికి వంకర మాటలు పలికిస్తాండ్రి. ఈయన వంకర పెట్టలేదు. మన పెద్దోళ్లు అరుగు మింద కూచొని పంచాయితీ చేసేటప్పుడు మాట ఎట్ల సాగదీస్తారో, యాడ తుంచుతారో, అట్లనే. తర్వాత ఆ యాసతోనే నవ్వించినాడు గుడా. అలెగ్జాండర్ అని ఒక్కడే వేసే నాటకం ఆడేవాడు. 2020 సెప్టెంబరులో గుంటూరులో పోయినాడు.

ఆయన తర్వాత వచ్చిన సీమ విలన్లల్లో ప్రకాశ్‌రాజ్ నాకు నచ్చె, ఒక్కడు బొమ్మలో ఓబుల్ రెడ్డి. కర్నూలంతా గడగడలాడే మనిషి అమ్మ ముందర చంటిపిల్లోడు. అమ్మగా తెలంగాణ శకుంతల. చూసినారా, మళ్లా అదే కె.వి.రెడ్డి కిటుకు, దుర్మార్గునికి ఒక ఎర్రి ఆశ. మిగతావి? బొంబాయి నుంచి ఒళ్లు తెస్తారు, హైదరాబాదులో గొంతు అతికిస్తారు. అరుంధతిలో ఒక్కటే అది కుదిరింది. సోనూసూద్ ఒళ్లు, రవిశంకర్ గొంతు. ఆ గొంతు లేకుంటే పశుపతి లేడు. బనగానపల్లెకు పోతే ఆ నవాబు బంగ్లాను ఇప్పుడందరూ అరుంధతి బంగ్లా అనే అంటాండారు.

ఇంక చాలు, కంకులు అయిపాయె. నన్నడిగితే మొదట నేపాళ మాంత్రికుడు, రెండు ముత్యాలముగ్గు కంట్రాక్టరు, మూడు మన సిరివెళ్ల అయ్యవారు. మీ విలన్లు ఎంతమందున్నా నాలుగో నంబరు నుంచి పెట్టుకోండి. రేపు ఆ సెల్లులో పాతాళభైరవి ఎతికి పెట్టండి, సదాజప ఎవురో నేను వేలుపెట్టి చూపిస్తా.